షోకుతో మొదలైన యంత్రవిద్య : జి.డి.నాయుడుగారి జీవితం

మన పాలమూరు ప్రాంతంలో సేద్యం బావిని, బోరును నమ్ముకొని సాగుతున్నది. యాసంగి పైరు చేతికి వచ్చే రోజుల్లో మోటారు కాలిపోయిందనే మాట ప్రతి పల్లెలోనూ వినవస్తుంది. కాలిన మోటారును నాగర్‌కర్నూలుకో, కల్వకుర్తికో, వనపర్తికో తెచ్చి వైండింగు దుకాణం ముందు దించి, అది బాగుపడేవరకు రైతు అక్కడే కూర్చుంటాడు. ఇక్కడ ఆయన కూర్చున్నంతసేపూ అక్కడ వేరుశనగ చేను వాడిపోతూ ఉంటుంది. ఆ మోటార్ల మీది పేరుపలకలను చదివే అలవాటు ఉన్నవారికి కోయంబత్తూరు అనే ఊరి పేరు కొత్తది కాదు. తమిళనాడులోని ఆ పట్టణానికి మోటార్ల ఊరు అనే ఖ్యాతి రావడానికి కారకులైన వారిలో మొదట చెప్పుకోదగిన వ్యక్తి ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు కాదు. ప్రాథమిక విద్యతోనే బడికి స్వస్తి చెప్పినవాడు. ఇంట తెలుగు మాట్లాడుకొనే రైతు కుటుంబంలో పుట్టినవాడు. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకం ఆయనను జి.డి.నాయుడుగా ఎరుగును.

ఈ సంచికకు ఆయన జీవితాన్నే ఎన్నుకోవడానికి మాకొక కారణం ఉన్నది. ఏటా పరీక్షా ఫలితాలు వెలువడిన పిమ్మట, యంత్రాల మీద మక్కువ ఉండి కూడా గణితంలో తప్పినందువల్లనో, ఇంజనీరింగు సీటు రానందువల్లనో, వచ్చినా ఫీజు కట్టలేనందువల్లనో వేరే చదువులలో చేరే విద్యార్థులను మేము చూస్తూనే ఉన్నాము. చేరిన చదువు మంచిదే కావచ్చు. కాని వారిలో చాలామంది, ఇంటి వద్ద రేడియోలు, ఫ్యాన్లు విప్పి చూసే తమ పాత అలవాటును కూడా ఆ సీటుతోపాటే వదలివేస్తున్నారు. సీటుకూ అలవాటుకూ ఉన్న సంబంధం ఏపాటిదో పరిశీలించడానికి నాయుడుగారి చరిత్ర కంటె తగిన చరిత్ర మన తెలుగువారిలో మాకు కనబడలేదు.

నాయుడుగారు 1893వ సంవత్సరం మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ అనే గ్రామంలో జన్మించారు. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారు. విజయనగర, నాయకరాజుల కాలాల్లో దక్షిణానికి తరలివెళ్ళి, తరతరాలుగా తమిళదేశంలో స్థిరపడి, వీధిలో తమిళమూ ఇంటిలో తెలుగూ మాట్లాడుకొనే కుటుంబాలలో వారిది ఒకటి. బాలుడైన దొరస్వామికి బడి అంటే గిట్టలేదు. అందరూ కలిసి ఒకే స్వరంతో పాఠం వల్లించే ఆనాటి వీధిబడి పద్ధతి ఆయన స్వభావానికి సరిపడలేదు. మహనీయుల జీవిత చరిత్రలలో ఇటువంటి ఘట్టం వచ్చినప్పుడు రచయితలు దానిని ఒక విధమైన గొప్పతనంగా వర్ణించడం పరిపాటి. మా దృష్టిలో అది గొప్పతనం కాదు, నష్టం. అక్షరాలు, లెక్కలు సకాలంలో అబ్బని లోటును ఆయన తరువాతి కాలంలో స్వయంగా చదువుకొని పూడ్చుకోవలసి వచ్చింది. గురువు ఉంటే కొన్నాళ్ళలో తేలే సంగతి, గురువు లేనివానికి ఎంతో కాలాన్ని మింగుతుంది.

ఆయన యౌవనారంభంలో ఒక సంఘటన జరిగింది. రెవెన్యూ శాఖలో పనిచేసే ఒక ఆంగ్లేయ అధికారి రడ్జ్ అనే మోటారు సైకిలు మీద ఆ ప్రాంతానికి వచ్చాడు. ఎద్దు లేకుండా, గుర్రం లేకుండా, తొక్కకుండా తనంత తాను పరుగెత్తే బండిని ఆ పల్లెటూరి యువకుడు అంతకుముందు చూడలేదు. చూసినవారందరూ ఆశ్చర్యపోయి ఉంటారు. ఈ యువకునికి మాత్రం ఆశ్చర్యంతో తృప్తి కలగలేదు. దాని లోపల ఏమున్నదో తెలుసుకోవాలనే కోరిక పట్టుకున్నది. బండి తనదైతే తప్ప విప్పి చూడడానికి వీలులేదు. కొనడానికి చేతిలో డబ్బు లేదు. ఆయన ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డించే పనికి కుదిరారు. సుమారు మూడు సంవత్సరాలు ఆ పని చేసి, కూలి డబ్బులో నుంచి మూడు నాలుగు వందల రూపాయలు కూడబెట్టి, ఆ మోటారు సైకిలునే కొన్నారు.

ఇక్కడ ఒక మాట. ఉర్దూలో షౌక్ అనే పదమున్నది. తీవ్రమైన అభిరుచి, మనసును ఊరకుండనీయని మక్కువ అని దాని అర్థం. ఆ పదమే మన తెలుగులోకి వచ్చి షోకుగా మారి, తలదువ్వుకోవడానికీ బట్టలకూ పరిమితమైపోయింది. రెండు భాషలూ ఒకే అట్టల మధ్య అచ్చయ్యే మన పత్రికలోనైనా ఆ పదానికి దాని పూర్వపు గౌరవాన్ని తిరిగి ఇవ్వవలెనని మా మనవి. మూడేళ్ళు ఎంగిలి బల్లల మధ్య తిరుగుతూ పైసా పైసా దాచిన యువకునిది షోకే. అయితే అది మొదటి అర్థంలోని షోకు.

కొన్న బండిని ఆయన ఊరంతా తిప్పి చూపించుకొని ఉంటే ఈ వ్యాసం వ్రాయవలసిన పని ఉండేది కాదు. ఆయన దానిని విప్పారు. భాగాలన్నీ వేరుచేసి, మళ్ళీ కూర్చారు. చెప్పడానికి ఇది ఒక్క వాక్యం. చేసినవారికే దాని కష్టం తెలుస్తుంది. ఆనాటి మోటారు సైకిలు నేటి దానికంటె సరళమైనదే. ఒకే సిలిండరు, అందులో పైకీ కిందికీ ఆడే పిస్టను, ఇంధనాన్ని గాలితో కలిపే కార్బ్యురేటరు, నిప్పురవ్వను పుట్టించే మాగ్నెటో, గాలిని లోపలికి రానిచ్చి పొగను బయటికి పంపే వాల్వులు, వెనుక చక్రాన్ని తిప్పే పట్టీ. విప్పడంలో కష్టం లేదు. కూర్చిన తరువాత తన్నితే బండి పలకదు. నిప్పురవ్వ సరియైన క్షణానికి పుట్టడం లేదా, వాల్వు సరిగా మూతపడడం లేదా, ఇంధనం ఎక్కువైనదా, తక్కువైనదా, గాలి ఎక్కడనుంచైనా చొరబడుతున్నదా? కారణం ఏదైనా యంత్రం ప్రదర్శించే మౌనం మాత్రం ఒక్కటే. ఒక్కొక్క అనుమానాన్ని వేరుచేసి, ఒకసారి ఒక్క భాగాన్నే మార్చి, మళ్ళీ తన్ని చూడడం తప్ప మార్గాంతరం లేదు. రెండు భాగాలు ఒకేసారి మార్చినవాడికి బండి పలికినా, ఎందుకు పలికిందో తెలియదు. గురువు లేని విద్యార్థికి యంత్రమే పరీక్షాధికారి. ఆ పరీక్షలో సిఫారసులు చెల్లవు. అయితే ఎన్నిసార్లు తప్పినా మళ్ళీ కూర్చోవడానికి దరఖాస్తు పెట్టుకోవలసిన పని కూడా లేదు. ఈ రెండవ సంగతిని మన విద్యార్థులు గమనించడం లేదని మా విచారం. నాయుడుగారు ఆ బండి దగ్గరనే మెకానిక్కు అయ్యారు. ఇతరుల బండ్లు బాగుచేసి జీవించగలిగే నేర్పు ఆయనకు అక్కడే అబ్బింది.

ఇంతలో డబ్బు ఆయనను వేరొక దారిలోకి లాగింది. తిరుప్పూరు ప్రాంతం ప్రత్తికి ప్రసిద్ధి. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రత్తి వ్యాపారం వేగంగా పెరిగింది. నాయుడుగారు అందులో దిగి చెప్పుకోదగినంత సంపాదించారు. ఆ ధైర్యంతో బొంబాయి వెళ్ళి అక్కడి ప్రత్తి బజారులో పెట్టుబడి పెట్టి, సంపాదించినదంతా పోగొట్టుకొని కోయంబత్తూరుకు తిరిగివచ్చారు. ఈ నష్టం ఇంజనీరింగులో వచ్చినది కాదు. అందువల్లనే మాకు ఇది ముఖ్యంగా కనిపిస్తున్నది. బజారులో ధర ఎందుకు పడిపోయిందో విప్పి చూడడానికి అక్కడ నట్లు, బోల్టులు లేవు. మరమ్మతు చేయడానికి వీలులేని ఓటమి అది. తిరిగివచ్చిన తరువాత ఆయన మళ్ళీ దేనిని ఆశ్రయించారో చూడండి. తన చేతులకు తెలిసిన యంత్రాన్నే ఆశ్రయించారు.

1920లో ఆయన ఒక బస్సు కొన్నారు. కోయంబత్తూరులోని ప్రసిద్ధ వ్యాపారి సర్ రాబర్ట్ స్టేన్స్ ఇందుకు తోడ్పడ్డారు. చదువు లేని, అప్పటికే ఒకసారి చేతులు కాల్చుకొన్న మనిషికి ఒక ఆంగ్లేయ వ్యాపారి సహాయం చేయడానికి కారణం ఆయన చేతిలోని పనితనం తప్ప మరొకటి కాదని మా అభిప్రాయం. పొల్లాచ్చి నుంచి పళనికి ఆ బస్సును నాయుడుగారు తానే నడిపేవారు. ఆనాటి రోడ్లు, ఆనాటి టైర్లు, ఆనాటి ఇంజన్లు ఎటువంటివో ఊహించుకోవచ్చు. దారిలో ఆగిపోయిన బస్సును నడిపేవాడే బాగుచేయగలిగితే ప్రయాణికులు గమ్యం చేరుతారు. లేకపోతే నడుచుకొంటూ పోతారు. మోటారు సైకిలు దగ్గర నేర్చిన విద్య ఇక్కడ అన్నం పెట్టింది. ఆ ఒక్క బస్సు క్రమంగా యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థగా పెరిగింది. దేశంలోని సమర్థమైన రవాణా సంస్థలలో ఒకటిగా పేరు గడించింది.

సంపన్నుడైన తరువాత అభిరుచిని వదలివేసినవారిని మనం ఎందరినో చూస్తాము. నాయుడుగారి విషయంలో బస్సుల రాబడి ఆ అభిరుచికి ఇంధనమైంది. ఆయన విదేశాలకు వెళ్ళారు. వెళ్ళిన చోట కార్ఖానాలు చూశారు. కెమెరా ఆయనకు మరొక వ్యసనం. 1936లో లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను తన కెమెరాతో చలనచిత్రంగా తీశారు. తీయడంతో ఊరుకోక, సినిమా కెమెరాలో దూరాన్ని సరిచేసే ఒక సాధనాన్ని రూపొందించారు. చేతికి వచ్చిన ప్రతి వస్తువుతోనూ ఆయన వరస ఇదే. గడ్డం గీసుకోవడంలో విసుగు పుట్టి కాబోలు, డ్రై సెల్సుతో నడిచే చిన్న మోటారు అమర్చిన రసాంత్ అనే క్షురకయంత్రాన్ని తయారుచేశారు. అది జర్మనీలోని హైల్‌బ్రాన్ పట్టణంలో ఉత్పత్తి అయింది. మిక్కిలి పలుచని షేవింగు బ్లేడ్లు, పళ్ళరసం తీసే సాధనం, కిరసనాయిలుతో తిరిగే ఫ్యాను, మోసానికి తావులేకుండా ఓట్లను నమోదుచేసే యంత్రం మొదలైనవి కూడా ఆయన సృష్టులే. విద్యుచ్ఛక్తి చేరని పల్లెలు అసంఖ్యాకంగా ఉన్న దేశంలో కిరసనాయిలు ఫ్యానును గురించి ఆలోచించిన మనసు మాకు మిగిలిన వాటన్నిటికంటె ఎక్కువ నచ్చింది.

అన్నిటికంటె ఎక్కువ కాలం నిలిచిన పని 1937 నాటిది. ఆ ఏడాది కోయంబత్తూరు శివారు పీళమేడులోని ఆయన కార్ఖానా నుంచి, డి.బాలసుందరం నాయుడుగారి సహకారంతో, భారతదేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారు వెలువడింది. అప్పటివరకు మన దేశపు మిల్లులు, బావులు విదేశీ మోటార్ల మీదనే ఆధారపడి ఉండేవి.

దీని కష్టాన్ని వైండింగు దుకాణం ముందు కూర్చున్న అనుభవం ఉన్న మన విద్యార్థులు సులభంగా గ్రహించగలరు. మోటారులో కదలని భాగం ఒకటి, దాని కడుపులో తిరిగే భాగం మరొకటి. కదలని భాగాన్ని ఇనుప దిమ్మెతో పోతపోయడానికి వీలులేదు. అట్లా పోస్తే విద్యుత్తు ఆ దిమ్మెలోనే సుడులు తిరిగి, శక్తి అంతా వేడిగా మారి వృథా అవుతుంది. కావున పలుచని ఉక్కు రేకులను ఒకే ఆకారంలో కత్తిరించి, ఒకదానికొకటి విద్యుత్తు సోకకుండా పూతపూసి, దొంతరగా పేర్చవలెను. వాటి గాడులలో రాగితీగను లెక్క తప్పకుండా చుట్టవలెను. తీగ మీది పూత ఒక్కచోట గీసుకుపోయినా చుట్ట మాడిపోతుంది. లోపలి భాగానికీ బయటి భాగానికీ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొంత భాగం మాత్రమే ఉండవలెను. ఆ ఖాళీ పెరిగితే బలం తగ్గుతుంది, తగ్గితే ఒకటి మరొకదానిని రాచుకొంటుంది. షాఫ్టు వెంట్రుకవాసి వంగినా బేరింగు అరుస్తుంది. ఇవన్నీ సరిగా ఉన్నా, బరువు పడినప్పుడు ఎంత వేడెక్కుతుందో గంటల తరబడి నడిపి చూస్తేనే తెలుస్తుంది. రేకు, పూత, తీగ అన్నీ సిద్ధంగా దొరికే ఈ రోజుల్లోనే దుకాణం నుంచి వెళ్ళిన మోటారు వారం తిరగకుండా వెనక్కు వస్తున్నది. అవేవీ సులభంగా దొరకని ఆ రోజుల్లో, దేశంలో ఎవరూ చేయని పనిని, కళాశాలలో చదవని వ్యక్తి తలపెట్టడం సామాన్యమైన సాహసం కాదు. ఆ మోటారు విజయమే తరువాత బాలసుందరం నాయుడుగారు టెక్స్‌టూల్ సంస్థను స్థాపించడానికి దారితీసింది. కోయంబత్తూరు నిండా పంపుసెట్ల కార్ఖానాలు వెలిశాయి. మన జిల్లాలోని ఎల్లూరు పంపుహౌసులో కృష్ణాజలాలను ఎత్తిపోసే మహాయంత్రాల నుంచి బోరులో దిగే చిన్న మోటారు వరకు పరిమాణంలో ఎంత భేదమున్నా, అయస్కాంత బలంతో షాఫ్టును తిప్పే సూత్రం ఒక్కటే.

1944లో నాయుడుగారు బస్సు వ్యాపారపు బాధ్యతల నుంచి తప్పుకొని, ధనాన్ని విద్యకూ కార్మిక సంక్షేమానికీ వినియోగించసాగారు. 1945లో ఆయన కృషితో, విరాళంతో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్కు, ఒక ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. వాటికి అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు పెట్టారు. నేటి కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీకి మూలం ఆ ఇంజనీరింగు కళాశాలయే. ప్రాథమిక విద్యతో బడి మానిన మనిషి ఆ సంస్థకు ప్రిన్సిపాలు అయ్యారు. అయితే ఆ పదవిలో ఎక్కువ కాలం ఇమడలేకపోయారు. ఇంజనీరింగు నేర్వడానికి నాలుగేండ్లు అనవసరమనీ, రెండేండ్లు చాలుననీ ఆయన వాదం. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన రాజీనామా చేశారు.

వృత్తిరీత్యా అధ్యాపకులమైన మేము ఈ వాదాన్ని పూర్తిగా సమర్థించలేము. స్వయంగా నేర్చుకొన్నవారు, తమకు పట్టిన కాలంతోనే అందరికీ కొలత పెట్టడం లోకసహజం. వంతెన కట్టేవాడు కూలిన తరువాత నేర్చుకొంటాననడం కుదరదు. బండి పలకకపోతే మళ్ళీ తన్నవచ్చు గాని, వంతెన విషయంలో ఆ సదుపాయం లేదు. అయినా ఆయన వాదంలో ఒక సత్యాంశం ఉన్నది. ఏళ్ళ తరబడి యంత్రాన్ని తాకకుండానే పట్టా పుచ్చుకొనే వీలు ఉండకూడదన్నది ఆ అంశం. 1959లో వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్కు వెలసిన నాటి నుంచి మన ప్రాంతపు పిల్లలు చేతితో చేసి నేర్చే చదువు విలువను ఎరిగినవారే. వారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

నాయుడుగారి జీవితంలోని చివరి ఎదురుదెబ్బలు యంత్రాలవల్ల కలిగినవి కావు. ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారుచేసి ఇవ్వగలనని 1941లో ఆయన ప్రకటించారు. రేడియో ధనవంతుల ఇండ్లలో మాత్రమే పలికే కాలమది. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారును 2,000 రూపాయలకు అందించదలచారు. పరిశ్రమల నియంత్రణ చట్టం అప్పుడే అమలులోకి వచ్చింది. లైసెన్సు లేనిదే కార్ఖానాలో ఉత్పత్తికి వీలులేదు. ప్రభుత్వం లైసెన్సు నిరాకరించింది. కారు తయారీ నిలిచిపోయింది. ఇంజను పలకకపోతే కారణం వెదకి సరిచేయగల వ్యక్తికి, పలికే ఇంజనును రోడ్డు మీదికి రానివ్వని కాగితం ఎదురైంది. దానిని ఏ స్పానరుతో విప్పగలరు? పన్నుల భారం కూడా ఆయనను మిక్కిలి బాధించింది. నిరసనగా తాను చేసిన వస్తువులను కొన్నింటిని బహిరంగంగా పగులగొట్టారు.

ఈ ఘట్టాన్ని ఆయన అభిమానులు వీరకృత్యంగా చెప్పుకొంటారు. మాకు అది చదివినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. జీవితమంతా విప్పడమూ కూర్చడమూ ఎరిగిన చేతులు ఆనాడు విరగ్గొట్టడానికి లేచాయి. పగిలిన రేడియోవల్ల చట్టమేమీ మారలేదు. ఓపిక ఎంతటివారికైనా అక్షయపాత్ర కాదని, ఆయన వంటివారికి కూడా ఎక్కడో ఒకచోట అది అడుగంటినదని తెలుసుకోవడం మంచిదే. మహనీయుల చరిత్రలలో ఇటువంటివి దాచి చెప్పడంవల్లనే చదివే పిల్లలు తమ నిస్పృహను తమకొక్కరికే పట్టిన రోగమని తలపోస్తారు.

ఆ తరువాత మాత్రం ఆయన చేతులు కట్టుకొని కూర్చోలేదు. ప్రత్తి, మొక్కజొన్న, బొప్పాయి వంగడాల మీద తన తోటలో ఆయన ఎన్నో ప్రయోగాలు చేశారు. సర్ సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటివారు ఆ తోటను చూడడానికి వెళ్ళారు. మన గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమే ఇంటిపేరుగా గల విశ్వేశ్వరయ్యగారు పట్టా పుచ్చుకొన్న ఇంజనీర్లలో అగ్రగణ్యులు. పట్టా లేని ఇంజనీరు పెంచిన మొక్కల మధ్య ఆయన నడిచిన దృశ్యాన్ని ఊహించుకోవడం మాకు ఇష్టం.

నాయుడుగారు 1974వ సంవత్సరం జనవరి 4వ తేదీన పరమపదించారు. కోయంబత్తూరులోని అవినాశి రోడ్డులో ఆయన పేరిట ప్రదర్శనశాల ఉన్నది. రేజర్లు, రేడియోలు, ఇతర పరికరాలు అక్కడ అద్దాల వెనుక కనబడతాయి. 2015లో ఆ ధర్మసంస్థవారే పాతకార్ల ప్రదర్శనశాలను కూడా తెరిచారు. తమిళనాడు ప్రభుత్వం అదే అవినాశి రోడ్డు మీద నిర్మించిన రమారమి పది కిలోమీటర్ల పొడవైన పైవంతెనకు 2025 అక్టోబరులో ఆయన పేరు పెట్టింది. లైసెన్సు రాని ఆయన కారు ఎక్కని ఆ రోడ్డు మీద నేడు ఆయన పేరు చదువుకొంటూ వేలాది కార్లు వెళ్తున్నాయి.